బీరు సీసాలో పట్టిన వాన

చెరువు నిండితే కట్ట కింది బావుల్లో నీళ్లు లేస్తాయని ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. వంకలో ఇసుక తోడి చెలమ తీసే మనిషికి ఊట ఏ వైపు నుంచి వస్తుందో తెలుసు. తేలనిది లెక్క. చెరువులో తగ్గిన నీటిలో ఎండ తాగిందెంత, నేల తాగిందెంత? బోరులో పడేది చెరువు నీరా, చేలో ఇంకిన వానా, తుంగభద్ర దిగువ కాలువ నుంచి దిగిందా? కొలబద్ద మట్టం చెబుతుంది గానీ పుట్టుక చెప్పదు.

పుట్టుక చెప్పే ఉపాయం చిత్రంగా నీటి జోలికి పోనివాళ్ల చేతుల్లో మొదలైంది. 1929లో అమెరికాలో జియోక్, జాన్‌స్టన్ అనే ఇద్దరు ఆక్సిజన్‌లో కాస్త బరువైన రకం, ఆక్సిజన్-18 ఉందని పట్టుకున్నారు. 1931లో హెరాల్డ్ యూరీ బరువు హైడ్రోజన్‌ను, అంటే డ్యుటీరియంను కనిపెట్టాడు. మనం తాగే నీటిలోనూ దాదాపు 500 ఆక్సిజన్ పరమాణువులకు ఒకటి ఈ బరువు రకమే. రుచిలో, రంగులో తేడా ఉండదు. నీరు ఆవిరయ్యేటప్పుడు మాత్రం తేలిక రకం ముందు లేచిపోతుంది, బరువుది వెనకబడుతుంది. మేఘం కురిసేటప్పుడు బరువుదే ముందు రాలుతుంది.

1952 జూన్‌లో కోపెన్‌హాగెన్‌లో వాన పట్టుకుంది. విల్లీ డాన్స్‌గార్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఖాళీ బీరు సీసాకు గరాటు పెట్టి ఇంటి ముందు గడ్డిలో నిలబెట్టాడు. ఒకే వానలో ముందు పడిన నీరూ తర్వాత పడిన నీరూ ఒకటేనా అన్నది ఆయన సందేహం. ఒకటి కావని తేలింది. మేఘం చల్లదనాన్ని బట్టి ఆక్సిజన్-18 పాలు మారింది. ఆ తర్వాత ఆయన గ్రీన్‌లాండ్ మంచులో పాతకాలపు వాతావరణం చదివి పేరు తెచ్చుకున్నాడు.

బీరు సీసా కథ ముచ్చటగానే ఉంటుంది గానీ, మన చెరువులకు పనికొచ్చింది 1961లో హార్మన్ క్రెయిగ్ గీసిన గీత. దేశదేశాల వానలు, నదులు, సరస్సుల నుంచి వచ్చిన దాదాపు 400 నమూనాల్లో రెండు బరువు రకాలనూ కలిపి కాగితం మీద చుక్కలు పెడితే, వాననీళ్లన్నీ ఇంచుమించు ఒకే గీత మీద కూర్చున్నాయి. ఎండకు ఆరిన సరస్సుల నీళ్లు మాత్రం గీత తప్పి పక్కకు జరిగాయి. చెరువు నీటికి ఎండ వేసే ముద్ర అదే. నేలలోకి ఇంకినా ఆ ముద్ర చెరగదు. కట్ట కింది బావి నీటిలో అది కనిపిస్తే అందులో చెరువు వాటా ఉందన్నమాట, ఎంత వాటానో కూడా లెక్క కట్టొచ్చు. రూర్కీలోని జాతీయ జల విజ్ఞాన సంస్థవాళ్లు ఇలాంటి లెక్కతోనే నైనిటాల్ సరస్సును చూశారు. ఏటా సరస్సులోకి చేరే నీటిలో సుమారు సగం భూగర్భం నుంచే ఊరుతోందని 2002లో రాశారు.

రెండో దారి రాతిలోంచి వచ్చింది. కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ బావినీటిలో రేడియోధార్మిక వాయువు ఉందని 1903లోనే చెప్పాడు. రాతిలో ఉండే యురేనియం జాడ నుంచి పుట్టే రేడాన్ అది. భూగర్భజలంలో దండిగా ఉంటుంది, పైకొస్తే గాలిలో కలిసిపోతుంది. మిగిలింది కూడా 3.8 రోజులకోసారి సగమవుతుంది. సరస్సులో ఒకచోట రేడాన్ ఎక్కువగా కనిపించిందంటే అక్కడ ఊట ఇప్పుడే లోపలికి వస్తోందని అర్థం. 1990లలో ఫ్లోరిడాలో విలియం బర్నెట్ బృందం దీన్ని సరస్సులకూ సముద్ర తీరాలకూ పనికొచ్చే పద్ధతిగా మలిచింది. ఆదోని చుట్టూ ఉన్నవీ గ్రానైట్ గుట్టలే కాబట్టి, ఈ గుర్తుకు ఇక్కడ కరువుండదు.

తెలుగు నేల మీద ప్రశ్న తిరగబడింది. చల్లటి దేశాల్లో సరస్సులోకి ఎంత ఊరుతోందని అడిగారు. మన చెరువు కింది నుంచి నింపుకునేదాని కంటే కిందికి వదిలేదే ఎక్కువ, కాబట్టి నేలకు ఎంత అందుతోందన్నది ఇక్కడి అవసరం. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో ఆర్.ఎన్. అథవలే బృందం వానకాలానికి ముందు వేళ్లు అందని లోతున మట్టిలోకి కొద్దిగా ట్రిటియం నీరు, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్ కలిసిన నీరు ఎక్కించి, వానలయ్యాక అది ఎంత దిగిందో తవ్వి చూసింది. కరీంనగర్ వైపు దిగువ మానేరు పరీవాహకంలో చేసిన పని 1980లో అచ్చయింది. అది ప్రకృతి పెట్టిన గుర్తు కాదు, మనిషి పెట్టింది. ప్రకృతి గుర్తులతో చూసింది తర్వాత, హైదరాబాద్ పక్కన మహేశ్వరంలో, ఫ్రెంచ్ శాస్త్రవేత్తలతో కలిసి. 2011లో వెలువడిన ఆ పరిశీలనలో బోరు నీటికీ ఎండ ముద్ర కనిపించింది. బోరు తోడి వరిమడికి పెట్టిన నీటిలో కొంత ఎండకు ఆరి, తక్కింది మళ్లీ అదే బోరు కిందికి దిగుతోంది.

ఎమ్మిగనూరు వైపు చిక్కు ఇంకొంచెం ఎక్కువ. తుంగభద్ర కాలువ నీరు పడమటి కనుమల వాన, పైగా జలాశయంలో ఎండకు నిలిచి వచ్చింది. గాజులదిన్నె జలాశయంలో నిలిచేది హంద్రీ నది నీరు. చేలో పడేది ఇక్కడి వాన. బోరులో వీటి పాళ్లు తేల్చాలంటే వాన, చెరువు, కాలువ, బోరు నాలుగింటి నీళ్లూ వానకాలానికి ముందూ తర్వాతా పట్టాలి. సీసా అంచుదాకా నింపి గాలి చొరకుండా బిరడా బిగించాలి. సగం ఖాళీగా వదిలితే ఆ సీసాలోనే నీరు ఆవిరై, వాననీరు కూడా చెరువు నీరులా కనిపిస్తుంది.