వినోద రాకెట్లు: ముద్రయు, స్వేచ్ఛయు

తారాజువ్వను వెలిగించిన ప్రతివారికిని ఒక సంగతి తెలిసియుండును. వత్తికి నిప్పంటించిన పిదప అది మన అధీనములోని వస్తువు కాదు. నింగికి ఎగయునో, పొరుగువారి గడ్డివామిపై వ్రాలునో, నేలమీదనే ప్రేలునో అంతయు లోపల కూరిన మందును బట్టి యుండును. ఆ మందును ఎవరు కూరిరో, ఎట్లు కూరిరో మనము చూడలేదు. అమెరికా దేశమున అరువది ఏండ్లకు పైబడి సాగుచున్న ఒక వివాదమునకు ఈ చిన్న సంగతియే మూలము.

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ వారు స్పుత్నిక్కును ప్రయోగించినది మొదలు అమెరికా బాలురకు రాకెట్లపై వ్యామోహము మిక్కుటమయ్యెను. ఇంటి నేలమాళిగలలో తుత్తునాగపు పొడిని, గంధకమును కలిపి, లోహపు గొట్టములలో దట్టించి నిప్పంటింపసాగిరి. వ్రేళ్ళు పోగొట్టుకొన్నవారును, కన్నులు పోగొట్టుకొన్నవారును, ప్రాణములే కోల్పోయినవారును కలరు.

దీనికి విరుగుడు ఒక చెప్పుల దుకాణమునుండి వచ్చినదన్న వింతగా తోచును. నెబ్రాస్కా రాష్ట్రమున నార్ఫోక్ పట్టణములో ఆ దుకాణము నడపుచుండిన ఆర్విల్ కార్లైల్ బాణసంచా ప్రియుడు. అతడు 1954లో తన సోదరుని సాయముతో కాగితపు గొట్టము, తేలికకొయ్య రెక్కలు గల చిన్న రాకెట్టు నొకదానిని చేసెను. మందు కూరిన గొట్టము వేరు, రాకెట్టు వేరు. కాలిపోయినదానిని తీసివైచి మరియొకటి అమర్చుకొనవచ్చును. కుఱ్ఱవాడు మందును ముట్టనక్కరలేదు. వైట్ శాండ్స్ క్షిపణి క్షేత్రమున పనిచేసిన హారీ స్టైన్ అనునాతడు రాకెట్ల క్షేమమును గూర్చి వ్రాసిన వ్యాసమును చదివి, కార్లైల్ తన నమూనాలను అతనికి పంపెను. స్టైన్ 1957లోనే ఒక కంపెనీని, ఒక సంఘమును స్థాపించెను. ఆ సంఘమే తరువాత ‘నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ’ అయ్యెను. కొలదికాలమునకే వెర్నన్ ఎస్టెస్ అనునాతడు మోటార్లను కూరు యంత్రమును నిర్మించి, దానికి ముద్దుగా ‘మేబెల్’ అని పేరిడెను.

ఇక ముద్రల సంగతి. తయారీదారు పంపిన నమూనా మోటార్లను సంఘమువారు పరీక్షాపీఠమున బిగించి కాల్చి చూతురు. ఎంత బలముతో త్రోసినది, ఎంతసేపు కాలినది, గొడుగును విప్పు మందు ఎన్ని సెకండ్లకు అంటుకొన్నది కొలుతురు. మోటారుపై ‘సి 6-5’ అని యున్నచో, ‘సి’ మొత్తపు శక్తి తరగతి. 6 సగటు త్రోపు, న్యూటన్లలో. 5 గొడుగు విచ్చుటకు పట్టు వ్యవధి, సెకండ్లలో. ‘ఎ’ తరగతికి హద్దు 2.5 న్యూటన్-సెకండ్లు, ఆపై ప్రతి అక్షరమునకు హద్దు రెట్టింపగును. అంకెలకును పనికిని పొందిక లేని మోటారుకు ముద్ర లేదు. ముద్ర లేనిదానికి సంఘపు మైదానమున చోటు లేదు. చేత కూరినది ఎంత చక్కనిదైనను సరే.

బాలుర విషయమున ఈ నియమమును ఎవ్వరును తప్పుపట్టజాలరు. చిక్కు వచ్చినది బాలురు పెద్దవారైనప్పుడు. ఒక పౌనుకు మించని రాకెట్లతో వారికి తనివి తీరలేదు. 1964లో పెన్సిల్వేనియాలో పుట్టిన ‘ట్రిపోలీ’ అను విజ్ఞాన సంఘము 1985లో దేశవ్యాప్తమై, పెద్ద రాకెట్లు ఎగురవేయువారికి ఆశ్రయమయ్యెను. అచ్చట మోటారుకే కాదు, మనిషికిని పరీక్ష కలదు. మూడు మెట్లు; మెట్టెక్కినకొలది పెద్ద మోటారు. అంతియకాదు, తగిన మెట్టెక్కిన పెద్దలు తాము స్వయముగా కూరిన మోటార్లను ప్రత్యేక ప్రయోగదినములలో ఎగురవేయవచ్చును. మొదటి సంఘము నేటికిని దీనికి సమ్మతింపలేదు. మా మట్టునకు ట్రిపోలీవారి మార్గమే న్యాయముగా తోచుచున్నది: వస్తువును మాత్రమే తూచి, చేతినేర్పును తూచకుండుట సగము తూకమే కదా!

ఈ ఇంటిపోరు ఇట్లుండగా వెలుపలినుండి మరియొక పోరు వచ్చెను. పెద్ద మోటార్లలో వాడునది అమోనియం పెర్‌క్లోరేటు మిశ్రమము. స్పేస్ షటిల్ బూస్టర్లలో కాలినదియు ఆ జాతి ఇంధనమే. మద్యము, పొగాకు, తుపాకులు చూచు కేంద్రశాఖ (ఈ మూడింటిని ఒక గూటిలో చేర్చిన ఘనత అమెరికా వారిదే) దానిని ప్రేలుడు పదార్థముల పట్టికలో చేర్చి, 62.5 గ్రాములు మించిన మోటారుకు అనుమతిపత్రము కావలెననెను. 2000లో రెండు సంఘములును తమ భేదములను ప్రక్కకు నెట్టి, కలిసి దావా వేసెను. ఇది ప్రేలునా, కాలునా? ప్రశ్న అంతియే. 2006లో అప్పీలు న్యాయస్థానము, శాఖవారు తమ నిర్ణయమునకు తగిన ఆధారము చూపలేదనెను. 2009 మార్చిలో న్యాయమూర్తి రెజ్జీ వాల్టన్ ఆ వర్గీకరణమును కొట్టివైచెను. తొమ్మిదేండ్ల వ్యాజ్యెము, ఖర్చు సభ్యుల చందాలనుండియు, విరాళములనుండియు వచ్చినది.

ప్రభుత్వపు పట్టిక తొలగినను సంఘముల ముద్ర మాత్రము తొలగలేదు. సర్కారును న్యాయస్థానమునకు ఈడ్చిన ఆ సభ్యులే నేటికిని ప్రయోగదినమున రాకెట్టును చేతబట్టుకొని వరుసలో నిలుతురు. క్షేమాధికారి మోటారు పేరును అడిగి, రెక్కలను ఊపి చూచి, చీటిపై సంతకము చేయువరకు వారు వేచియుందురు.