పెన్‌డ్రైవ్ అక్కర్లేదు.. ఇంటి వైఫైతోనే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు ఫైల్స్!

పెళ్లి వీడియోలు, పిల్లల ప్రాజెక్టులు ఒక సిస్టమ్ నుంచి మరో సిస్టమ్‌కు మార్చాలంటే పెన్‌డ్రైవ్ వెతుక్కుంటున్నారా? రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు. ఫైల్ మీ రౌటర్ దాటి బయటకు వెళ్లదు. కాబట్టి ఇంటర్నెట్ డేటా ఖర్చవదు. నెట్ ఆగిపోయినా పని జరుగుతుంది.

విండోస్ 11లో ఇలా చేయండి..

- సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్‌కి వెళ్లి 'ప్రైవేట్ నెట్‌వర్క్' ఎంచుకోండి.
- అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ డిస్కవరీ', 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' ఆన్ చేయండి.
- ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, షేరింగ్, షేర్ నొక్కండి. చూస్తే చాలనుకుంటే 'రీడ్', మార్పులు కూడా చేయాలంటే 'రీడ్/రైట్' ఇవ్వండి.
- రెండో కంప్యూటర్లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి 'నెట్‌వర్క్' నొక్కితే మొదటి కంప్యూటర్ పేరు కనిపిస్తుంది.

లాగిన్ అడిగితే మొదటి కంప్యూటర్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.. పిన్ కొడితే పనిచేయదు! గెస్ట్ వైఫైలో ఉంటే చాలా రౌటర్లలో కంప్యూటర్లు ఒకదానికొకటి కనిపించవు.

ఇవి మాత్రం మర్చిపోవద్దు..

2017 మేలో వాన్నాక్రై వైరస్ విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపంతోనే పాకింది. ఏపీ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకోని సిస్టమ్సే దెబ్బతిన్నాయి. అందుకే అప్‌డేట్స్ ఆపొద్దు. పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ తీసేయొద్దు. డ్రైవ్ మొత్తం కాకుండా కావాల్సిన ఫోల్డర్ ఒక్కటే షేర్ చేయండి. రైల్వే స్టేషన్, హోటల్ వైఫైలో 'పబ్లిక్ నెట్‌వర్క్' పెట్టుకోండి.