వృత్తివిద్యలో పాఠశాల - కళాశాల అనుసంధానం

ఉన్నత పాఠశాల విద్యార్థికి, అతడు తరువాత చేరదగిన జూనియర్ కళాశాల, ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ వంటి విద్యాసంస్థలకు, పని నేర్పే స్థలాలకు మధ్య ఏర్పరచే సంబంధాన్ని వృత్తివిద్యలో పాఠశాల - కళాశాల అనుసంధానం అంటారు. పాఠ్యాంశాలను కలిసి నిర్ణయించుకోవడం, ప్రయోగశాలలను, బోధకులను పంచుకోవడం, ఒక దశలో నేర్చినదానికి పై దశలో గుర్తింపునివ్వడం ఇందులోని ముఖ్యాంశాలు. ఈ వ్యాసంలో ఆంధ్రప్రదేశ్‌లోని ఏర్పాట్లు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగాన ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు వాటి ప్రాధాన్యం వివరించబడినవి.

నేపథ్యం

చేతిపనితో చదువును జోడించాలనే ఆలోచన మన దేశానికి కొత్త కాదు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో మహాత్మా గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ విధానానికి ఒక వృత్తి కేంద్రంగా ఉండేది. స్వాతంత్ర్యానంతరం కొఠారీ కమిషన్ (1964-66) పదవ తరగతి తరువాతి విద్యార్థులలో సగం మందిని వృత్తివిద్య వైపు మళ్ళించాలని సూచించింది. 1986 నాటి జాతీయ విద్యా విధానం ఈ లక్ష్యాన్ని బాగా తగ్గించి, 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం అని నిర్ణయించింది. 1992 సవరణలో ఈ గడువులు 1995, 2000 సంవత్సరాలకు మారాయి. సెకండరీ విద్యలో వృత్తివిద్యను ప్రవేశపెట్టేందుకు 1988లో కేంద్ర ప్రాయోజిత పథకం ఆరంభమైంది. 1993లో భోపాల్‌లో కేంద్రీయ వృత్తివిద్యా సంస్థ ఏర్పడింది.

2013 డిసెంబరులో ప్రకటించిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం, ఏ స్థాయి నైపుణ్యం ఏ విద్యార్హతకు సమానమో నిర్దేశించింది. 2020 జాతీయ విద్యా విధానం సెకండరీ పాఠశాలలు ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు, స్థానిక పరిశ్రమలతో కలిసి పనిచేయాలని, ఒక పాఠశాలలోని నైపుణ్య ప్రయోగశాలను చుట్టుపక్కల పాఠశాలలు కూడా వాడుకోవాలని సూచించింది. 2025 నాటికి విద్యార్థులలో కనీసం 50 శాతం మందికి వృత్తివిద్యతో పరిచయం కల్పించాలన్నది ఆ విధానం పెట్టుకున్న లక్ష్యం.

ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పాట్లు

రాష్ట్రంలో పదవ తరగతి వరకు పాఠశాల విద్యాశాఖ, ఆ పైన రెండేళ్ళు ఇంటర్మీడియట్ విద్యామండలి బాధ్యత వహిస్తాయి. పాలిటెక్నిక్‌లు సాంకేతిక విద్యాశాఖ కింద, ఐ.టి.ఐ.లు ఉపాధి, శిక్షణ శాఖ కింద, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కళాశాల విద్యాశాఖ కింద పనిచేస్తాయి. పదవ తరగతి పూర్తిచేసిన విద్యార్థి ఏ దారిలో వెళ్ళినా ఒక శాఖ పరిధి దాటి మరొక శాఖ పరిధిలోకి వెళ్ళవలసిందే. అనుసంధానం అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

ఉన్నత పాఠశాల స్థాయిలో సమగ్ర శిక్ష పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలలో 9వ తరగతి నుండి వృత్తివిద్య బోధిస్తారు. ఇంటర్మీడియట్‌లో సాధారణ గ్రూపులతో పాటు ప్రత్యేక వృత్తివిద్యా కోర్సులు ఉన్నాయి. వాటిలో కొన్ని:

* బహుళార్థ ఆరోగ్య కార్యకర్త
* మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్
* పంటల ఉత్పత్తి, యాజమాన్యం
* ఎలక్ట్రికల్ టెక్నీషియన్
* అకౌంటింగ్, టాక్సేషన్
* ఆఫీసు అసిస్టెంట్‌షిప్

ఈ కోర్సులలో ఆంగ్లం, జనరల్ ఫౌండేషన్ కోర్సు, వృత్తి సంబంధమైన పాఠ్యాంశాలు, ప్రాక్టికల్స్‌తో పాటు పనిస్థలంలో శిక్షణ కూడా ఉంటుంది. దీనిని ఆన్ ద జాబ్ ట్రైనింగ్ అని వ్యవహరిస్తారు.

కోర్సు తరువాత

వృత్తివిద్య తీసుకుంటే పై చదువులకు దారి మూసుకుపోతుందనే భయం తల్లిదండ్రులలో తరచు కనిపిస్తుంది. ఇది పూర్తిగా నిజం కాదు. సాధారణ గ్రూపుల వారితో సమానంగా పై కోర్సులకు అర్హత పొందగోరే విద్యార్థి బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాయవచ్చును. పని అనుభవం కోరేవారికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉపయోగపడుతుంది. ఈ చట్టాన్ని 1986లో సవరించి, ఇంటర్మీడియట్ స్థాయి వృత్తివిద్య పూర్తిచేసిన వారిని కూడా దాని పరిధిలోకి తెచ్చారు. ఎంపికైనవారికి శిక్షణ కాలంలో భృతి లభిస్తుంది. పదవ తరగతిలోనే ఈ రెండు దారుల గురించి విద్యార్థికి తెలియజెప్పడం పాఠశాల చేయదగిన ముఖ్యమైన పని.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగం వెలికొండల వరకు విస్తరించిన మెట్ట ప్రాంతం. ఆత్మకూరు నెల్లూరుకు సుమారు 60 కిలోమీటర్లు, ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఆత్మకూరుకు సమీపంలో, అనంతసాగరం మండలంలో పెన్నా నదిపై సోమశిల జలాశయం ఉన్నది. జిల్లాలోని పెద్ద పరిశ్రమలు కృష్ణపట్నం ఓడరేవు చుట్టూ, తూర్పు తీరాన కేంద్రీకృతమైనాయి. అందువలన పశ్చిమ మండలాల విద్యార్థికి కోర్సు దగ్గరలో దొరికినా, దానికి తగిన కర్మాగారం దగ్గరలో దొరకదు. రోజూ తీరానికి వెళ్ళిరావడం సాధ్యం కాదు. బాలికల విషయంలో ఈ దూరం చదువు మానడానికి కూడా కారణం కాగలదు.

ఇటువంటి చోట ఆసుపత్రులు, పాల సేకరణ కేంద్రాలు, విద్యుత్ ఉపకేంద్రాలు, ట్రాక్టరు, మోటారు మరమ్మతు దుకాణాలు, వ్యవసాయ క్షేత్రాలే శిక్షణా స్థలాలు కావలసి ఉంటుంది. ఆరోగ్య, వ్యవసాయ, విద్యుత్ కోర్సులు ఈ ప్రాంతానికి అనువైనవి కావడానికి ఇదే కారణం.

ఆత్మకూరు శాసనసభ్యుడు మేకపాటి గౌతమ్ రెడ్డి 2019 నుండి 2022 ఫిబ్రవరిలో మరణించేవరకు రాష్ట్ర పరిశ్రమలు, నైపుణ్యాభివృద్ధి శాఖల మంత్రిగా పనిచేశారు. ఆయన మరణానంతరం, ఉదయగిరిలో ఆయన కుటుంబం నెలకొల్పిన ఇంజనీరింగు కళాశాలను వ్యవసాయ విద్యకు కేటాయించనున్నట్లు ప్రభుత్వం 2022లో ప్రకటించింది.

ఉదయగిరి చెక్క గరిటెలు

ఈ ప్రాంతంలో బడితో సంబంధం లేకుండా తరతరాలుగా సాగుతున్న వృత్తివిద్య చెక్క నగిషీ పని. ఉదయగిరి కళాకారులు పరిసర కొండలలో దొరికే నర్ది, బిక్కి, కల్ది వంటి చెక్కలతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు తయారుచేస్తారు. ఈ వస్తువులు భౌగోళిక గుర్తింపు పొందినవి. ఏ చెక్కను ఎప్పుడు ఎండబెట్టాలి, పిడిపై సన్నని నగిషీ ఎలా చెక్కాలి అన్నవి ఇంట్లో పెద్దల దగ్గర నేర్చుకునే విషయాలు. ఎంతో నేర్పరి అయిన కళాకారునికైనా, చదువుకున్నట్లు ధ్రువపత్రం లేకపోతే చదువుల లెక్కలో చోటు దొరకదు. ముందుగా నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే వీలు జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలో ఉన్నది. కళాకారులను బోధకులుగా పాఠశాలకు రప్పించే అవకాశం 2020 విధానంలో ఉన్నది. ఈ రెండూ కలిసినప్పుడే ఆ ఇంటి పిల్లలకు చదువు ఒకవైపు, కులవృత్తి మరొకవైపు కాకుండా ఉంటాయి.

ఇతర ప్రాంతాలలో

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో జోలియెట్ ఉన్నత పాఠశాల, షికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ చొరవతో, పాఠశాల చదువు ముగించిన ఆరుగురు విద్యార్థులకు పై తరగతులు ఆరంభించింది. అదే జోలియెట్ జూనియర్ కళాశాలగా ఎదిగింది. ఆ దేశపు కమ్యూనిటీ కళాశాలల చరిత్ర ఈ విధంగా ఒక ఉన్నత పాఠశాలలోనే మొదలైనది. భారతదేశంలో మొదటి కమ్యూనిటీ కళాశాల 1995లో పుదుచ్చేరిలో ఏర్పడింది. పన్నెండవ పంచవర్ష ప్రణాళిక కాలంలో (2012-17) విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఇటువంటి కళాశాలలకు ఒక పథకాన్ని అమలుచేసింది. అదే సంఘం 2014లో బి.వొకేషనల్ డిగ్రీని ప్రవేశపెట్టింది.

ఇవి కూడా చూడండి

* ఉదయగిరి
* ఆత్మకూరు
* నయీ తాలీమ్
* కొఠారీ కమిషన్
* ఇంటర్మీడియట్ విద్య