మగ్గం ఆగే రోజులు: పోచంపల్లిలో పనీ విశ్రాంతీ

పోచంపల్లి నేత గురించి వెలువడిన రాతల్లో రంగులకూ డిజైన్లకూ దక్కినంత చోటు, నేసే మనిషి పని ఎప్పుడు ఆపేవాడన్న ప్రశ్నకు దక్కలేదు. హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, 2016 వరకు నల్లగొండ జిల్లాలోనూ ఆ తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాలోనూ ఉన్న ఈ ఊరిలో మగ్గమూ సంసారమూ ఒకే కప్పు కింద సాగాయి గనుక, పని ముగించుకుని ఇంటికి వెళ్లడమన్నది నేతగాని దినచర్యలో లేనేలేదు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, దాని అంచున కూర్చుని నేసే గుంట మగ్గాన్ని ఇంట్లో వెలుతురు బాగా పడే గదిలో వేసేవారు. ఆడవారు కండెలు చుట్టడం, ఆసు పోయడం, పెద్దలు చిటికి కట్టడం దాని చుట్టూనే జరిగేవి. పడుగును, అంటే నిలువు పోగులను, పేకను, అంటే అడ్డపు పోగులను నేయకముందే డిజైన్ ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచితే, కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. చిటికి అంటే ఈ కట్టే పనే, దానితో తయారైన బట్టే నేడు ఇక్కత్‌గా ప్రసిద్ధమైంది. చీరాల ప్రాంతపు తేలియా రుమాళ్ల నేత నుంచి ఈ విద్య ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో నల్లగొండ పల్లెలకు చేరింది.

నిజాం పాలన కాలంలో నేతగాని సమయం పూర్తిగా అతనిదిగా కూడా ఉండేది కాదు. కూలి లేకుండా దొరలకూ అధికారులకూ చేసి తీరవలసిన వెట్టి, నల్లగొండ ప్రాంతంలో వృత్తి కులాలన్నింటినీ పట్టి ఉండేది. తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర రాసిన పుచ్చలపల్లి సుందరయ్య, దొర ఇంటి పనివారికి బట్టలు సమకూర్చే భారం సాలెల మీద ఉండేదని నమోదు చేశారు. ఆ పోరాటపు చివరి రోజుల్లోనే, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చి పోచంపల్లికి భూదానమన్న పేరు తెచ్చారు. అయితే ఆ ఘట్టం తీర్చజూసింది భూమి లేనివారి ఆకలిని. మగ్గం ముందు గడిచే పొద్దు లెక్క దాని పరిధిలోకి రాలేదు.

మరి పని ఎప్పుడు ఆగేది? తెలుగు నేల మీద చేతివృత్తులవారిలో చాలామంది అమావాస్యను పని ముట్టని రోజుగా పాటించడం పాత వాడుక. అంతకంటే విశేషమైనది శ్రావణ పౌర్ణమి. మార్కండేయుడినీ భావనారుషినీ మూలపురుషులుగా చెప్పుకునే పద్మశాలీలు ఆనాడు మార్కండేయ ఆలయం వద్ద చేరి కొత్త జంధ్యాలు ధరిస్తారు. ఆ పండుగకు నూలు పున్నమి అని పేరు. తామరతూడు దారంతో దేవతలకు వస్త్రం నేశాడని చెప్పే భావనారుషి కథ వినే వేళ, సేటు వద్ద నూలు తెచ్చుకుని చీరకింత అని మజూరి తీసుకునే మనిషి కాసేపైనా బాకీల లెక్కకు బయట ఉంటాడు. ఏడాది పొడవునా అప్పుపద్దులో ఒక పేరుగా ఉన్నవానికి వంశమూ విద్యా గల మనిషిగా తనను తాను చూసుకునే వీలు ఆ రోజు కలిగేది. కుల పురాణాల్లో కొన్ని బరువులూ ఉన్న మాట నిజమే గాని, వాటి ఈ ఉపయోగాన్ని చరిత్రకారులు తక్కువగా అంచనా వేశారు.

మిగతా విరామాలను పంచాంగం కాక పని తీరూ వానా నిర్ణయించేవి. ఒక వార్పు, అంటే కొన్ని చీరలకు సరిపడే పడుగు, నేయడం పూర్తయ్యాక తరువాతి దానికి నూలు వచ్చేవరకు మగ్గం ఖాళీగా ఉండేది. ముసురు పట్టినప్పుడు గుంటలో నీరు ఊరేది. వీధిలో పడుగు చాచి సరిచేసుకునే వీలుండేది కాదు. ఇంగ్లండులోనూ మరమగ్గాలకు ముందటి చేనేతవారు ఆదివారంతో పాటు సోమవారమూ పని మాని, వారం చివర రాత్రింబవళ్లు నేసి లోటు పూడ్చుకునేవారు. ‘సెయింట్ మండే’ అని పేరుపడిన ఆ అలవాటును ఫ్యాక్టరీ గంట అణచివేసిందని చరిత్రకారుడు ఇ. పి. థాంప్సన్ 1967లో వివరించారు. పోచంపల్లి విరామం దానికి దగ్గరగా కనిపించినా, నూలు అందక ఆగిన మగ్గాన్ని నేతగాడు తన ఇష్టంతో ఆపినట్టు లెక్కించడం పొరపాటు.

చట్టబద్ధమైన సెలవు వేరే దారిన వచ్చింది. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు 1890లో ఆదివారపు సెలవు సాధించారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితిని, ఒక సెలవు దినాన్ని నిర్దేశించింది. ఇల్లే పనిచోటైన నేతగానికి ఆ చట్టం వర్తించలేదు.

ఆసు చరిత్ర ఇంకో చిక్కును చూపుతుంది. పేక నూలును మేకుల చుట్టూ అర్ధవలయంగా పోసే ఈ పనిలో ఒక్క చీరకు చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి; భుజాలు అరిగేది ఎక్కువగా ఆడవారివే. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి బాధ చూసి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు; 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. గంటల తరబడి సాగే శ్రమ సుమారు గంటన్నరకు తగ్గింది, భుజాల నొప్పి తగ్గింది. అయితే చీరకింత అని మజూరి ముట్టేచోట, మిగిలిన సమయం విశ్రాంతిగా మారడం కంటే మరో చీరకు ఆసు పోయడానికే వెళ్లడం సహజం. యంత్రం ఒంటికి మేలు చేసింది, కూలి పద్ధతిని మార్చడం మాత్రం దాని చేతిలో లేదు.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నాటికే భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపులు ఊరికీ బట్టకూ చెందినవి. చీర మడతలో నేసినవారి పేరు సాధారణంగా ఉండదు. 2020 లాక్‌డౌన్‌లో అమ్మకాలు నిలిచి మగ్గాలు నెలల తరబడి ఆగినప్పుడు, నేత కుటుంబాలకు ఆ ఖాళీ సమయమంతా దిగులుగానే గడిచింది. చేనేత విధానాలు రాయితీలనూ ప్రదర్శనలనూ లెక్కించినట్టే, మగ్గం ఆగిన రోజుకు కూలినీ లెక్కలోకి తీసుకోవాలి. సహకార సంఘాలు ఆ పనిని కనీసం నూలు పున్నమి నాటి కూలితోనైనా మొదలుపెట్టవచ్చు.