మైకుల్లో పొంగిన గోదారి

ఆ గొంతు పనికిరాదని మొదట సినిమావాళ్లే అన్నారు. కాకినాడ నాటకాల్లోంచి మద్రాసు చేరిన రావు గోపాలరావుకు 1969లో 'జగత్ కిలాడీలు'లో విలన్ వేషం దొరికింది. మాటలు మాత్రం వేరొకరి చేత చెప్పించారు. మనిషి తెర మీదికి ఎక్కాడు, గొంతు గుమ్మం బయటే ఉండిపోయింది. ఆరేళ్లు తిరిగేసరికి అదే గొంతు కోసం జనం డబ్బులిచ్చి గ్రామఫోను రికార్డులు కొన్నారు. కొన్నది పాటల కోసమూ పద్యాల కోసమూ కాదు. పల్లెటూరి యాసలో ఒక దుర్మార్గుడు చెప్పిన మాటల కోసం. ఇంకో పాతికేళ్లకు ఆ రికార్డులూ లేవు, వాటిని ఊరంతటికీ వినిపించిన మైకుసెట్లూ లేవు, ఆ గొంతూ లేదు. చిన్నప్పుడు ఆ మాటలు వింటూ పెరిగినవాణ్ణి గనక ఆ ఎక్కడమూ పడిపోవడమూ ఎలా జరిగాయో చెప్పాలనిపిస్తోంది.

'ముత్యాల ముగ్గు' 1975 జూలై 25న వచ్చింది. బాపు దర్శకుడు, ముళ్లపూడి వెంకటరమణ రచయిత. నూజివీడులో తెలుగు పాఠాలు చెప్పుకునే ఎం.వి.ఎల్. నిర్మాత. ఉత్తర రామాయణాన్ని పల్లె పచ్చదనంలోకి దించి తీసిన కథ అది. ఆ పచ్చదనాన్ని పట్టుకున్నందుకు ఇషాన్ ఆర్యకు ఛాయాగ్రహణంలో జాతీయ బహుమతి వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రంగా సినిమాకూ వచ్చింది. సీత కష్టాలు చూసి ఆడవాళ్లు ఏడ్చారు. కానీ హాలు బయటికి వచ్చాక ఊళ్లన్నీ తలుచుకున్నది రాముణ్ణీ కాదు సీతనీ కాదు, రావు గోపాలరావు వేసిన విలన్ కంట్రాక్టరునే. రమణ ధవళేశ్వరంలో పుట్టినవారు, బాపుది నరసాపురం, రావు గోపాలరావుది కాకినాడ పక్కన గంగనాపల్లి. ముగ్గురూ గోదావరి జిల్లాల బిడ్డలు కావడం వల్లనే ఆ కంట్రాక్టరు నోట్లో మాట అంత సొంతంగా పలికింది.

అంతకుముందు మా వైపు రికార్డుల్లో వినబడిన తెలుగు వేరు. శ్రీరామనవమి పందిట్లో మైకు పెడితే హరిశ్చంద్రుడి కాటిసీను పద్యాలు, రాయబారం పద్యాలు. అవి మహానుభావులు పాడినవే, ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. కానీ ఆ తెలుగును మేం వినేవాళ్లమే తప్ప మాట్లాడేవాళ్లం కాదు. మా ఇంట్లో, రేవులో, పొలం గట్టు మీద మాట్లాడుకునే తెలుగు రికార్డుకు ఎక్కేంత గొప్పదని ఎవరికీ తోచలేదు. సినిమాల్లో కూడా యాస ఉంటే పనివాడికో, హాస్యగాడికో ఉండేది. పట్టుపంచె కట్టుకుని ఉంగరాలు పెట్టుకున్న పెద్దమనిషి 'స్త'ను 'త్త' చేసి, 'చ'ను 'స' చేసి తాపీగా మాట్లాడటం, ఆ మాటలు ఎల్.పి. రికార్డుగా అచ్చయి అంగట్లోకి రావడం మాకు కొత్త. ఆ రికార్డు పాటల రికార్డులతో సమంగా అమ్ముడుపోయింది.

మా ఊళ్లలో ఆ రికార్డు కొనుక్కున్న ఇళ్లు ఎక్కువ లేవు. దాన్ని మాకు వినిపించింది మైకుసెట్టు అతను. పెళ్లికి ముందురోజే సైకిలు మీద పెట్టె కట్టుకుని వచ్చేవాడు. హారన్లు రెండూ కొబ్బరిచెట్లకు కట్టేవాడు, ఒకటి ఊరి వైపు, ఒకటి పొలాల వైపు. ముందు దేవుడి పాట, తర్వాత సినిమా పాటలు. మధ్యాహ్నం భోజనాలై పెద్దవాళ్లు పందిట్లో నడుం వాల్చే వేళకు ఎవరో ఒకరు మా పిల్లల్లో ఒకణ్ణి పిలిచి, కంట్రాక్టరు రికార్డు వెయ్యమని చెప్పి రమ్మనేవారు. ముల్లు రికార్డు మీద ఆనిన గరగర చప్పుడుకే పందిరి సర్దుకునేది. ఆ తర్వాత ఆ బొంగురు గొంతు, తొందర లేకుండా, ఒక్కో మాటనూ నమిలి వదులుతూ మొదలయ్యేది.

ఆ వినడం ఎలాంటిదో ఇవాళ్టి పిల్లలకు చెప్పడం కష్టం. బొమ్మ లేదు. సినిమా చూడనివాళ్లు కూడా బోలెడుమంది. పొలంలో ఊడుపు ఊడుస్తున్న ఆడవాళ్లకు గాలివాటున సగం మాటే చేరేది, మిగతా సగం వాళ్లే పూర్తిచేసుకుని నవ్వేవాళ్లు. రేవులో బట్టలుతికేవాళ్లు చెయ్యి ఆపేసేవాళ్లు. వంటల దగ్గర గాడిపొయ్యి ముందు నిలబడ్డ పెద్దవంటాయన కంట్రాక్టరు కంటే అరక్షణం ముందే ఆ మాట అనేవాడు, రికార్డు ఆయన వెనకాల వచ్చేది. చిన్నపిల్లలం మేం అర్థమైనదానికీ కానిదానికీ కూడా నవ్వేవాళ్లం. మనిషిని కారు డిక్కీలో పడేయించే బెదిరింపు బెదిరింపే అని మాకు తెలియదు. ఆ మాట సాగిన తీరుకు నవ్వొచ్చేది. నా మటుకు నేను కంట్రాక్టరును చూడకముందే ఎన్నోసార్లు విన్నాను. నా మనసులోని కంట్రాక్టరు మా ఊరి పెద్దకాపులా ఉండేవాడు. ఊళ్లో ప్రతివాడి మనసులోనూ ఒక్కొక్క కంట్రాక్టరు ఉండి ఉంటాడు.

రమణ ఆ పాత్రను ఎలా కట్టారో పెద్దయ్యాక అర్థమైంది. అతను నవ్వించడానికి మాట్లాడడు. సూర్యోదయం ఎదురుగా కూర్చుని కళాపోషణ గురించి చెబుతాడు, మనసులో మాత్రం నెత్తుటి ఆలోచన నడుస్తూ ఉంటుంది. ఎర్రటి ఆకాశం అతనికి ఏం గుర్తుచేస్తుందో వింటే ఒళ్లు జలదరించాలి, కానీ ముందు నవ్వొస్తుంది. సెక్రటరీని 'సెగట్రీ' అని పిలిచే ఆ పిలుపులో కొడుకును పిలిచినంత ముద్దు ఉంటుంది. గోదావరి జిల్లాల మాటతీరులో మర్యాద ఎక్కువని అందరూ అంటారు. నిజమే. అక్కడ 'అండీ' లేనిదే తిట్టు కూడా పూర్తికాదు. ఆ మర్యాద కిందే ఎంత పదును దాగుంటుందో ఊళ్లో పంచాయితీలు చూసినవాడికి తెలుసు. రమణ ఆ పదునును ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టారు, రావు గోపాలరావు దానికి ఊపిరి పోశారు. ఆ యాస కంట్రాక్టరుకు తొడిగిన చొక్కా కాదు, అతను ఆలోచించే పద్ధతి. యాస తీసేసి అవే మాటలు బడిపుస్తకం తెలుగులో రాస్తే అందులో నవ్వూ ఉండదు, భయమూ ఉండదు.

1977 సంక్రాంతికి 'దానవీరశూరకర్ణ' వచ్చింది. కొండవీటి వెంకటకవి రాసిన సుయోధనుడి సంభాషణలు కూడా రికార్డులై మైకుల్లో మోగాయి. ఒకే పెట్టెలో, ఒకదాని పక్కన ఒకటి, హస్తినాపురం సభలోని సమాసాల తెలుగూ గోదావరి గట్టు మీది కంట్రాక్టరు తెలుగూ. సుయోధనుణ్ణి బట్టీపట్టినవాడు బడిలో బల్ల ఎక్కి చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాడు. కంట్రాక్టరును ఎవరూ బట్టీపట్టనక్కర్లేదు, అది అప్పటికే నాలుక మీద ఉంది. ఆ నాలుగైదేళ్లూ మా మాటకు దక్కిన గౌరవం అంతకుముందెప్పుడూ దక్కలేదు, ఆ తర్వాతా దక్కలేదు.

పడిపోవడం అక్కడి నుంచే మొదలైంది. కంట్రాక్టరు గెలిచాడు గనక అందరికీ కంట్రాక్టరే కావాల్సి వచ్చాడు. 1979లో 'వేటగాడు' వచ్చింది. మాటల రచయిత జంధ్యాల ఆ గొంతుకు ప్రాసలు కూర్చారు. అవీ గొప్పగానే పేలాయి, ఆ ప్రతిభను కాదనను. కానీ అప్పటికే మాట ఊరి నుంచి ఒక అడుగు పక్కకు జరిగింది. నవ్వు ఇప్పుడు ప్రాసలోంచి వస్తోంది, మనిషిలోంచి కాదు. ఆ తర్వాత వరసగా వచ్చిన సినిమాల్లో ప్రాస మిగిలింది, జంధ్యాల లేరు. యాస మిగిలింది, రమణ లేరు. రావు గోపాలరావు మాత్రం ప్రతి సినిమాలోనూ ఉన్నారు. పేలవమైన వాక్యాన్ని కూడా ఆ గొంతుతో ఎత్తి నిలబెట్టేవారు. ఎంతకాలం నిలబెడతారు?

ఇతర ప్రాంతాల మాటకూ ఇదే గతి పట్టింది. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో రాజకీయ నాయకుణ్ణి నిలబెట్టారు. అది గొప్ప నటన. కానీ దాన్ని చూసినవాళ్లు నటనను వదిలి యాసను పట్టుకున్నారు. తెలంగాణ మాట అంటే గూండాకో వెకిలి హాస్యానికో అని సినిమాలు ఏళ్ల తరబడి రాసుకున్నాయి. ఆ అవమానం తెలంగాణవాళ్ల గుండెల్లో ఎంత లోతుగా దిగిందో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో అందరూ విన్నారు. గోదావరి మాటకు అంత గాయం కాలేదు గానీ, అదీ వెటకారానికి గుర్తుగా మిగిలిపోయింది. నాలుగు 'ఆయ్'లు, పది 'అండీ'లు చల్లితే గోదావరి పాత్ర సిద్ధం. ఆలోచన పోయింది, చప్పుడు మిగిలింది. నా ఉద్దేశంలో పతనమంటే అదే. దాని విత్తనం మొదటి విజయంలోనే ఉందేమో అని కూడా అనిపిస్తుంది. మా మాట మొదటిసారి పీట ఎక్కి కూర్చున్నది ఒక హంతకుడి నోట్లో. మంచివాడు, ప్రేమించేవాడు, ఇల్లు నిలబెట్టేవాడు అదే యాసలో మాట్లాడే సినిమా కోసం ఎవరూ రికార్డు కొట్టలేదు.

యంత్రాల సంగతి త్వరగా చెప్పేస్తాను. క్యాసెట్ వచ్చింది, రికార్డులు అటకెక్కాయి. నచ్చిన పాటలు ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చే దుకాణాలు పట్నాల్లో వెలిశాయి. అక్కడ మాటల రికార్డు అడిగేవాళ్లు తగ్గారు. టీవీ వచ్చాక సినిమా మొత్తం బొమ్మతో సహా ఇంట్లోనే ఉంది, ఇక మాటలు విడిగా వినడమెందుకు? మైకుసెట్టు పోయి పెళ్లిళ్లలోకి డీజే దిగింది. దాని మోతలో పాటలోని మాటే వినబడదు, ఇక మాటల రికార్డుకు చోటేది? అటక మీది రికార్డులు ఎండకు వంకరపోయాయి, కొన్ని పాతసామాన్లవాడి బుట్టలోకి చేరాయి. మా మైకుసెట్టు అతను పెట్టె అమ్మేసి కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్లిపోయాడు.

రావు గోపాలరావు తెలుగుదేశం తరఫున 1986 నుంచి 1992 దాకా రాజ్యసభలో కూర్చున్నారు. ఆ కాలంలోనే తెలుగు సినిమా మద్రాసు విడిచి హైదరాబాదు తరలిపోతోంది. ఆయన మద్రాసులోనే ఉన్నారు. చివరి రోజుల్లో జబ్బు మనిషిని బాగా కుంగదీసింది. 1994 ఆగస్టు 13న అక్కడే పోయారు. వయసు 57. ఆ గొంతుకు అది పోయే వయసు కాదు. ఇంకో ఇరవై ఏళ్లు తాతగా, పెదనాన్నగా, ఊరిపెద్దగా, కంట్రాక్టరు కాని మనిషిగా అది మాట్లాడి ఉండాల్సింది. ఆ పాత్రలు ఆయనకు తగినన్ని రాకుండానే కాలం అయిపోయింది. రమణ 2011 ఫిబ్రవరిలో, బాపు 2014 ఆగస్టులో వెళ్లిపోయారు. ఇద్దరూ చెన్నైలోనే. ధవళేశ్వరం, నరసాపురం, గంగనాపల్లి, మూడు ఊళ్ల మాట తెలిసిన ముగ్గురూ ఆ ఊళ్లకు దూరంగానే కన్నుమూశారు.

ఇప్పుడు ఆ సీను ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుంది. అరనిమిషం ముక్కగా కోసి ఎవరెవరో పంపుతుంటారు. నేనూ చూస్తాను, నవ్వుతాను. కానీ పక్కనెవరూ ఉండరు. అరక్షణం ముందే మాట అందుకునే పెద్దవంటాయన లేడు, సగం మాట పూర్తిచేసే ఊడుపు ఆడవాళ్లు లేరు. మా ఊరి పిల్లలు ఆ ముక్క చూసి నవ్వుతారు, ఆ మాట తమ ముత్తాతది అని వాళ్లకు తట్టదు. వాళ్లు ఇంట్లో మాట్లాడే తెలుగు టీవీ తెలుగైపోయింది. యాసలో మాట్లాడితే బడిలో నవ్వుతారని వాళ్ల అమ్మలే దిద్దుతున్నారు. ఒకప్పుడు రికార్డు కొట్టి అమ్మిన మాటను ఇప్పుడు తప్పుగా దిద్దుతున్నాం. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

ఇది చదివేవారి ఇంట్లో, అటక మీదో ట్రంకుపెట్టెలోనో మాటల రికార్డుగానీ క్యాసెట్‌గానీ ఉంటే దయచేసి పాతసామాన్లవాడికి వేయకండి. 'ముత్యాల ముగ్గు'దే కానక్కర్లేదు, ఏ ఊరి నాటకమైనా, ఏ యాస హాస్యమైనా సరే. దాన్ని శుభ్రం చేయించి, కంప్యూటర్లోకి ఎక్కించి, మీ ఇంట్లో డెబ్భై దాటినవాళ్ల పక్కన కూర్చుని వినండి. వింటూ వాళ్లు మధ్యలో అనే మాటల్ని కూడా ఫోన్లో పట్టి దాచండి. వాళ్లు మాట్లాడే ఆ తెలుగుకు వేరే రికార్డు ఎక్కడా లేదు.