తొలి సాక్షి ఉపాధ్యాయురాలే: సౌదీ అరేబియాలో మహిళలపై హింస నివారణ, విశ్వవిద్యాలయ శిక్షణ

2013లో కింగ్ ఖాలిద్ ఫౌండేషన్ సౌదీ అరేబియాలో ఒక ప్రకటన విడుదల చేసింది. నిఖాబ్ వేసుకున్న స్త్రీ. కళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఆ కళ్లలో ఒకటి దెబ్బకు కమిలి ఉంది. అదే ఏడాది ఆగస్టులో మంత్రిమండలి హింస నుంచి రక్షణ కల్పించే చట్టాన్ని ఆమోదించింది. శారీరక, మానసిక, లైంగిక హింసలు మూడూ దాని పరిధిలోకి వచ్చాయి. నేరస్థులకు నెల నుంచి ఏడాది దాకా జైలు, 5,000 నుంచి 50,000 రియాళ్ల దాకా జరిమానా విధించవచ్చు.

ఆ చట్టంలో శిక్షల కంటే బలమైనది సమాచార నిబంధన. ఉద్యోగరీత్యా హింస సంగతి తెలిసినవారు తమ సంస్థకు చెప్పాలి, సంస్థ ఆ సమాచారాన్ని సంబంధిత మంత్రిత్వ శాఖకో పోలీసులకో చేరవేయాలి. అంటే పాఠం చెప్పే మనిషి మీద కూడా చట్టం బాధ్యత పెట్టింది. ఆ బాధ్యతను నెరవేర్చడం నేర్పవలసింది మాత్రం విశ్వవిద్యాలయమే.

అక్కడి విద్యా చరిత్ర ఎరిగినవారికి ఈ మాట బరువు తెలుస్తుంది. ప్రభుత్వ బాలికల పాఠశాలలు 1960లో మొదలయ్యాయి. 1970లో రియాద్‌లో మహిళలకు తొలి విద్యా కళాశాల వచ్చింది. నేటి ప్రిన్సెస్ నూరా విశ్వవిద్యాలయం మూలాలు అక్కడే ఉన్నాయి. బాలికల బడుల్లో పాఠం చెప్పేది స్త్రీలే. ఇల్లు దాటితే ఆడపిల్లను రోజూ దగ్గరగా చూసే పెద్దవారు చాలాసార్లు ఆమె టీచరే.

2005లో ఏర్పడిన జాతీయ కుటుంబ భద్రతా కార్యక్రమం డాక్టర్ మహా అల్ మునీఫ్ నాయకత్వంలో ఆసుపత్రుల వైపు నుంచి గట్టి కృషి చేసింది. అయితే ఆసుపత్రికి బాధితురాలు దెబ్బ తగిలాక వస్తుంది. బడిలో సూచనలు ముందే కనబడతాయి: చలాకీగా ఉన్న పిల్ల ఒక్కసారిగా మూగబోవడం, సెలవులంటే భయపడటం, ఇంటికి కబురు పంపుతామంటే వణకడం. వాటిని చదవగలగడం శిక్షణతోనే వస్తుంది. పిల్ల చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోవాలి. ఇంటివాళ్ల ముందు అడగకూడదు. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు. హింసపై ఫిర్యాదు చేసే 1919 నంబరుకు ఎప్పుడు ఫోన్ చేయాలో తెలియాలి. అన్నిటికంటే ముందు, తండ్రిని పిలిచి సర్దిచెబుదామన్న ఆలోచన మానుకోవాలి. నివారణకూ కౌన్సెలింగుకూ చట్టమే ప్రాధాన్యం ఇస్తున్నందున, శిక్షణ లేని టీచరు దాన్ని రాజీగా అర్థం చేసుకునే ప్రమాదం ఎక్కువ.

విశ్వవిద్యాలయం తన లోపల కూడా చూసుకోవాలి. 2018 నాటి వేధింపుల నిరోధక చట్టం మామూలుగా రెండేళ్ల దాకా జైలు, లక్ష రియాళ్ల దాకా జరిమానా అంటుంది. వేధింపు విద్యాసంస్థలో జరిగినా, వేధించినవాడికి బాధితురాలిపై అధికారం ఉన్నా అవి ఐదేళ్లకూ మూడు లక్షల రియాళ్లకూ పెరుగుతాయి. మార్కులు వేసే చేయి ఆ అధికారమే కదా.

మన దగ్గరా పరిస్థితి దీనికి దూరం కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం తెలిసీ చెప్పనివారికి ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల తర్వాత బి.ఎడ్.లో జెండర్ పేపరు చేరింది. పేపరు రాసి పాసవడం వేరు, ఏడుస్తున్న పిల్ల ఎదుట కూర్చోవడం వేరు. అందుకే రియాద్‌లోనైనా వరంగల్‌లోనైనా, బోధనాభ్యాసానికి పంపే ముందు ప్రతి విద్యార్థి ఉపాధ్యాయురాలితో ఒక ఫిర్యాదును మొదటి నుంచి చివరి దాకా సాధన చేయించాలి. అది చేయనివారికి పట్టా ఇవ్వకూడదు.