వెలితి ప్లేటు

వేగావతీ తీరమున, తూర్పుకనుమల అడుగున నున్న సాలూరునకు మార్పిడి క్రొత్త విద్య కాదు. కొరాపుట్టు వైపునుండి సుంకి ఘాటీ దిగివచ్చు బాట మైదానమును కలిసికొను చోట ఈ యూరు వెలసినది గనుక, కొండవారి చింతపండు, పసుపు, అడ్డాకులు ఒకవంకనుండియు, ఉప్పు, ఎండుచేప, నూలుబట్ట మరియొకవంకనుండియు వచ్చి ఇచ్చటి సంతలో చేతులు మారుట తరతరములుగా సాగినది. తరువాతి కాలమున లారీలు ఈ యూరికి పేరు తెచ్చినను, ఆ లారీలు చేసినదియు ఇంచుమించుగా ఆ పనియే. అట్టి సీమలో పాటయు పద్యమును సైతము మార్పిడి సరకైన యొక కాలము గడచిపోయినది. గ్రామఫోను నాటకముల సెట్లను పూర్తిచేసికొనుటకై రసికులు పడిన పాట్ల చరిత్ర అది.

సాలూరున సంగీతమునకు లోటు లేదు. పట్రాయని నరసింహశాస్త్రి, సీతారామశాస్త్రి అను తండ్రీకొడుకులను ఈ ప్రాంతమువారు పెదగురువుగారనియు చినగురువుగారనియు గౌరవముతో పిలుచుకొనిరి. విజయనగరము సంగీత కళాశాలలో సీతారామశాస్త్రిగారి యొద్దనే ఘంటసాల వేంకటేశ్వరరావు విద్య నేర్చెను. సాలూరు చెంతనున్న శివరామపురమున 1922లో జన్మించిన సాలూరి రాజేశ్వరరావు పిన్నవయసుననే గ్రామఫోను ప్లేటుకెక్కి, 1935 నాటి ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున బాలకృష్ణుడై, అటుపిమ్మట రావు బాలసరస్వతీదేవితో కలిసి పాడిన లలితగీతములతో తెలుగు లోగిళ్ళన్నింటను ప్రవేశించెను. ఊరి పిల్లవాని గొంతు ఎక్కడనో అచ్చుపడి, రైలుపార్శిలులో ఊరికి తిరిగివచ్చుట ఆనాటివారికి వింతయే అయియుండును.

1902లో ధ్వనిముద్రకుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గాయని గౌహర్ జాన్ పాటను పట్టుకొనిపోయిన నాటినుండి మనదేశమున ఈ ప్లేట్ల వర్తకము పెరిగెను. 1908లో కలకత్తాలోనే ప్లేట్ల కర్మాగారము నెలకొన్నది. అది తరువాత దమ్‌దమ్‌కు మారెను. కుక్కబొమ్మ హిజ్ మాస్టర్స్ వాయిస్‌తో కొలంబియా, ఓడియన్, హచ్చిన్స్ మొదలగు కంపెనీలు పోటీపడెను. లక్కయు, రాతిపొడియు, మసియు కలిపి అచ్చొత్తిన ఆ నల్లని పది అంగుళముల ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరిగి, ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకంటె కొంచెము మాత్రమే ఎక్కువ పాడును. చేయి జారెనా, ముక్కలే.

తెల్లవార్లు సాగు నాటకమును ఈ మూడు నిమిషముల కొలతలోనికి కుదించుటకు కంపెనీలవారు కనిపెట్టిన ఉపాయమే సెట్టు. నాలుగేసి, ఆరేసి, కొన్నింటికి అంతకు మించియు ప్లేట్లు కలిపి, వరుస అంకెలు వేసి, పద్యముల పుస్తకము జతచేసి అమ్మిరి. ఆరు ప్లేట్లనగా పండ్రెండు ప్రక్కలు. మొత్తము నలుబది నిమిషముల నాటకము. తిరుపతి వేంకటకవుల రాయబారము పద్యములు, బలిజేపల్లివారి హరిశ్చంద్ర, కాళ్ళకూరివారి చింతామణి, ఇట్టివి నాటకపు పందిరి లేని పల్లెలకును ఆ పెట్టెలో పయనించినవి. రంగస్థలము మీద ఒక్క రాగమును గడియసేపు సాగదీసి ‘వన్స్‌మోర్’ పొందిన నటుడు, ఇచ్చట ఆలాపన ముగియకముందే పద్యము ముగించవలసివచ్చెను. ఆ నిర్బంధము కొందరికి మేలే చేసినదని నా అభిప్రాయము.

వన్స్‌మోరు మాత్రము పోలేదు. అది ప్రేక్షకుని నోటినుండి గృహస్థుని చేతికి మారెను. ముల్లు ఎత్తి మరల మొదట పెట్టిన చాలును. ఒక్కొక్క ప్రక్కకు ఒక క్రొత్త ముల్లు వాడవలెనని కంపెనీవారి శాసనము. ఒక ముల్లు పాడుటకు ఓపినంతసేపు వాడవలెనని ఇంటియజమాని శాసనము. మొక్కవోయిన ఉక్కుముల్లు నల్లని గాడిని నిర్దాక్షిణ్యముగా దున్నివేయును. కావున సెట్టులో ముందుగా నశించినది ఎల్లప్పుడును అందరు కోరిన ప్లేటే. నాందీ ప్రస్తావనల ప్లేటు ప్రతి యింటను నిగనిగలాడుచుండగా, కృష్ణుడు కౌరవసభలో పద్యమెత్తుకొను ప్లేటు మాత్రము గరగరలాడుచునో, బీటవారియో, లేక విరిగియో యుండెడిది. కంపెనీ ఆ సెట్టును అచ్చువేయుట మానివేసినదా, ఇక డబ్బు ఉండియు ప్రయోజనము లేదు. ఆ వెలితిని తీర్చగలవాడు ఆ ప్లేటునే రెండుగా కలిగియున్న మరియొక వ్యసనపరుడు మాత్రమే.

ఇచ్చట అమెరికావారి వ్యసనము నొకదానిని తలచుకొనవలసియున్నది. అచ్చట పొగాకు కంపెనీలు సిగరెట్టుపెట్టె నలిగిపోకుండ లోపల పెట్టిన అట్టముక్కలపై బేస్‌బాల్ ఆటగాండ్ర బొమ్మలు అచ్చువేయగా, ఒక జట్టు ఆటగాండ్రనందరిని సమకూర్చుకొనుటకై జనులు అదనపు కార్డులను ఒకరితో నొకరు మార్చుకొనసాగిరి. 1909 మొదలు 1911 వరకు వెలువడిన యొక వరుసలో హోనస్ వాగ్నర్ బొమ్మ అతిస్వల్పముగా వెలువడుటచే అది నేటికిని ఆ లోకమున కల్పవృక్షఫలము. వారి కొరత కంపెనీవారి అచ్చుయంత్రమున పుట్టినది. మన కొరత వినువారి మమకారమున పుట్టినది.

మార్పిడికి పనికివచ్చు అదనపు ప్లేట్లు, అనగా జోడుప్లేట్లు, చేరు విధము చిత్రమైనది. ఏ వర్తకుని యింటనో పంపకములు జరిగి గ్రామఫోను అమ్మకమునకు వచ్చినపుడు, కావలసిన ఒక్క ప్లేటుకై కట్టనంతను కొనవలసియుండును. కొన్నవానికి కావలసినది ఒకటి, మిగిలినవి అదనము. ఆ అదనమే వాని మూలధనము. ప్లేట్ల అంకెలు చిన్న నోటుపుస్తకమున వ్రాసికొని, తనకు లేనివానిని ఎదురుపుటలో వ్రాసికొని, పొరుగూరి రసికునికి కార్డుముక్క వేయును. మార్పిడిలో ధర రూపాయలలో పలుకదు. ఇష్టపడు ఘట్టపు ప్లేటు ఒక్కటికి ప్రస్తావన ప్లేట్లు మూడు ఇచ్చినను ఎదుటివాడు పెదవి విరచును.

పరీక్ష మరియొక శాస్త్రము. ప్లేటును అంచులు పట్టుకొని కిటికీ వెలుగునకు వాల్చి చూచిన, అరగని గాడి నల్లగా మెరయును, అరిగినది బూడిదవన్నె తేలును. చూపుడువ్రేలి గోటితో అంచున మీటగా గట్టి ప్లేటు కంగుమనును, కంటికి కనబడని బీట యున్నది పగిలిన కుండవలె పలుకును. నడిమి రంధ్రముచుట్టును లేబిలుపై కడ్డీ గీచిన సన్నని గీతలను బట్టి ఎన్నిమార్లు తిరిగినదో ఊహింపవచ్చును. అమ్మువాడు అబద్ధమాడినను ఆ గీతలు ఆడవు. కుదిరిన బేరము ఇంటికి చేరువరకు నమ్మకము లేదు. అట్టల నడుమ గడ్డి కూర్చి చెక్కపెట్టెలో పెట్టి పంపినను, ఘాటీరోడ్డు కుదుపులకు రెండు ముక్కలై దిగినవి తక్కువ కావు. ఇంటికి వచ్చినపిమ్మట ఎండయు చెదలును కాచుకొనియే యుండును. ఒకదానిపై నొకటి పేర్చిన వంకరపోవును గనుక నిలువుగా నిలుపవలెను.

సెట్టు పూర్తియైనదనుట ఎట్లు? ఒకే ముద్రణకు చెందిన, ఒకే రంగు లేబిలు గల ప్లేట్లన్నియు ఉన్నప్పుడే అది సెట్టని వాదించు శుద్ధాచారపరులు కలరు. నడుమ ఒక ప్లేటు దొరకక అదే పద్యమును మరియొక నటుడు పాడినది పెట్టి సరిపెట్టుకొనువారును కలరు. అప్పుడు కృష్ణుడు సభలోనికి ఒక గొంతుతో వచ్చి మరియొక గొంతుతో వెడలిపోవును! నాకు వీరిద్దరి మార్గమును రుచింపదు. అదే నటుని అదే పద్యము, వేరువేరు చేతులనుండి వచ్చి, లేబిళ్ళ రంగులు కలియక, ఒక్కొక్కదానిపై ఒక్కొక్క పాత యజమాని సిరాసంతకముతో నున్న సెట్టే నాకు నిండైన సెట్టుగా తోచును.

ఈ వ్యసనము పరాకాష్ఠ నందుకొన్నది సాలూరునకు పొరుగుననే యున్న బొబ్బిలి రాజవంశమువాడగు వి.ఎ.కె. రంగారావుగారి చేతిలో. పలుభాషల 78 చుట్ల ప్లేట్లను వేలకు వేలుగా మద్రాసు యింట చేర్చి, అంకెలతో పేర్లతో వరుసదేర్చి, లిమ్కా రికార్డుల పుస్తకమున స్థానము పొందిన ఆయన, సంగీత నృత్య విమర్శకుడుగా ఆ ప్లేట్ల చరిత్రను వ్రాసియు పెట్టెను. రాజవంశమువారు ఏనుగులను, గుఱ్ఱములను పోగుచేసిన సీమలో ఒకరు కంఠములను పోగుచేసినారు.

లాంగ్‌ప్లేలు వచ్చుటతో 1970 ప్రాంతమునకు 78 చుట్ల అచ్చు మనదేశమున ఆగిపోయెను. అటుపిమ్మట ఎన్నియో సెట్లు పాతసామానుల దుకాణములకు చేరినవి; వేడినీట మెత్తపరచి పూలగిన్నెలుగా వంచినవారును ఉన్నారు. దక్షిణాది సేకర్తలకు ఆశ్రయమైన మద్రాసు మూర్ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతి యయ్యెను. నేడు ప్లేటులోని ధ్వనిని కంప్యూటరున కెక్కించి ఎందరికైనను పంచవచ్చును గనుక మార్పిడికి అవసరమే లేదని తోచును. అయినను, తన యొద్దనున్న అరుదైన ప్లేటు ధ్వనినైనను ఎదుటివాడు తన జాబితాలోని వెలితి నొకదానిని పూరించిననే గాని విడువని సేకర్తలు నేటికిని కలరు. బేరమునకు కూర్చున్నపుడు వారు ముందుగా అడుగునది ధర కాదు, మీ యొద్ద జోడు ఏమున్నదని.